కోమటికుంట తెల్ల పొగ

అనంతమ్మ పాల కవర్లు కడుగుతూనే ఉంది. ఎస్సై పూర్ణిమ వాకిట్లోకి వచ్చి నిలబడ్డా ఆమె చేతులు ఆగలేదు. తొట్టిలోంచి ఒక కవరు తీసి, తిరగేసి, లోపలి జిడ్డును బొటనవేలితో రుద్ది, రెండుసార్లు విదిలించి దండెం మీద వేస్తోంది. దండెం మీద అప్పటికే నలభై దాకా ఆరుతున్నాయి.

"షెడ్డే కాలిపోయింది గదా అక్కా. ఇగ ఇవి ఎవరికోసం?" అంది పూర్ణిమ.

"చేతులు ఊకుంటలేవు బిడ్డా."

బుధవారం పొద్దున పదీ ఇరవై. పూర్ణిమ గడియారం చూసుకుంది. నాలుగింటికి ఇంకా ఐదు గంటల నలభై నిమిషాలు.

నిన్న మధ్యాహ్నం కోమటికుంట పొడి చెత్త షెడ్డు కాలింది. లోపల కావలివాడు గోపయ్య చచ్చిపోయి కనబడ్డాడు. గేటుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. సాయంత్రం ఆరున్నరకల్లా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జగన్మోహనరావు హంతకుణ్ణి పట్టేశాడు. గగన్‌పహాడ్‌లో పాత సామాను కొట్టు నడిపే మహేష్, ఈ అనంతమ్మకు సొంత తమ్ముడు. రెండు వారాల కిందట పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి, ఈ షెడ్డు వల్ల తన కడుపు మాడుతోందని, అది తగలబడిపోవాలని అరిచాడు. ఊరంతా విన్నది. సీఐకి అది చాలు. ఇవాళ నాలుగింటికి మహేష్‌ను మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. హత్య కేసు. ఒకసారి రిమాండుకు పోయాడంటే ఇక బయటికి వచ్చే మాట మరిచిపోవాల్సిందే.

పూర్ణిమకు ఒక్కటే మింగుడుపడటం లేదు. పోలీసుల్లో నిన్న షెడ్డుకు మొదట చేరింది ఆమే. గోపయ్య పక్కకు తిరిగి, చెయ్యి తల కింద మడిచి పెట్టుకుని ఉన్నాడు. తాళం వేసిన గదిలో నిప్పంటుకుంటే మనిషి గేటు దగ్గరికి ఉరుకుతాడు, అరుస్తాడు, బాదుతాడు. ఈయన పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

"షెడ్డు తాళంచెవి ఏడుంటది అక్కా?"

అనంతమ్మ గడ్డంతో గడప పక్కన మేకు చూపించింది. "పగలు ఒంటిగంటకు గోపన్న తాళమేసి, చెవి గాడ తగిలిచ్చి పోతడు. ఇంట్ల బువ్వ తిని, జర నడుము వాల్చి, మూడింటికి వస్తడు. ఏడు నెలల సంది గదే తీరు."

"నిన్న గూడ తగిలిచ్చిండా?"

"తగిలిచ్చిండు. 'పోతున్న చెల్లె' అన్నడు. గదే ఆఖరి మాట."

"మహేష్ నిన్న ఈడికి వచ్చిండా?"

"వాడు నా గడప తొక్కక రెండు వారాలాయె. మాకు మాటల్లేవు." మరో కవరు విదిలించింది. దండెం మీద వేయబోయి, "రాత్రి వానికి బువ్వ పెట్టిండ్రా? కడుపుల పుండున్నది వానికి. ఖాళీ కడుపుతోని ఉంటే మెలికలు తిరుగుతడు" అంది.

"మాటల్లేని తమ్ముని కడుపు గురించి మస్తు యాదున్నదే నీకు!"

అనంతమ్మ తొట్టిలో చెయ్యి పెట్టి ఇంకో కవరు వెతుక్కుంది.

లోపల్నుంచి ఆమె కూతురు కవిత మంచినీళ్ళు తెచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. శంషాబాద్‌లో డిగ్రీ చదివింది. షెడ్డు పథకానికి ఊరి తరఫున సమన్వయకర్త. ఊళ్ళో కుర్రకారు 'చెత్త మేడం' అని ఏడిపిస్తుంటే పట్టించుకోకుండా, పన్నెండు మంది ఆడవాళ్ళు ఏరి తెచ్చిన ప్లాస్టిక్కు బరువు తూచి రిజిస్టరులో రాసేది. ఏ బస్తా ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరు తమ పాత చీర పేలికతో మూతి కట్టేవారు. పేలికను బట్టే ఎవరి కష్టం వారి పేరున పడేది.

ఈ పథకం వచ్చిందే విమానాల పుణ్యమా అని. ఊరి చెత్త కుప్పల మీద గద్దలు మూగుతున్నాయి, అవి విమానాలకు తగిలితే ప్రమాదం అని జిల్లా వాళ్ళు డబ్బు మంజూరు చేశారు. మొదటి విడతతో షెడ్డు లేచింది. రెండో విడత ఆడవాళ్ళ కూలి. కానీ దానికొక మెలిక పెట్టారు. ఏరిన సరుకు ఒక్క కిలో కూడా అమ్మకుండా నిల్వ ఉంచాలి. తనిఖీ బృందం వచ్చి కళ్ళతో చూడాలి. అప్పుడే కూలి.

"తనిఖీ ఎప్పుడన్నరు?" అంది పూర్ణిమ, నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చేస్తూ.

"శుక్రవారం అన్నరు. ఏడు నెలల సంది అంటనే ఉన్నరు," అంది అనంతమ్మ.

కవిత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

పదకొండూ పది. షెడ్డు దగ్గర బూడిద మోకాళ్ళ లోతున ఉంది. ఇంకా అక్కడక్కడా సన్నగా పొగ లేస్తోంది.

గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటున్న యువకుడు చెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి నమస్కారం పెట్టాడు. పేరు రవితేజ. విమానాశ్రయం ఫైరింజన్ విభాగంలో ఉద్యోగం. నిన్న మంట ఆర్పిన బండిలో వచ్చింది అతనే.

"మీకు కబురు ఎన్నింటికి వచ్చింది?"

"రెండూ ఏడుకండీ. టవర్ వాళ్ళే చూశారు. పొగ నేలబారున రన్‌వే వైపు వస్తోందని గాభరా పడ్డారు. రెండూ పంతొమ్మిదికి మేమిక్కడ ఉన్నాం. అన్నీ నిమిషాలతో సహా రాసి ఉంటాయి మా దగ్గర."

"పొగ నేలబారున వచ్చిందా?"

"అదేనండీ నాకు అర్థం కానిది. ఇక్కడ రెండు వందల పైచిలుకు బస్తాల ప్లాస్టిక్ ఉందన్నారు. ప్లాస్టిక్ కాలితే నల్లగా, చిక్కగా, తాటిచెట్టంత పైకి లేస్తుంది. నిన్న వచ్చింది తెల్లటి పొగ. మా ఊళ్ళో రైస్ మిల్లు వెనకాల చూసేవాణ్ణి అలాంటిది. మా ఆఫీసరు రిపోర్టులో 'ప్లాస్టిక్ దగ్ధం' అని రాయమన్నారు. నాకు చెయ్యి ఆడటం లేదు."

పూర్ణిమ ఒక కర్ర తీసుకుని బూడిద కెలికింది. పైన అంగుళం మందాన, మాడిపోయిన అట్టులా కరిగిన ప్లాస్టిక్ పొర. కింద నల్లగా, గుల్లగా, గింజ ఆకారం పోని పొట్టు. మరో చోట కెలికింది. అదే. గోడ వారన, నడుమ, గేటు దగ్గర, ఎక్కడ చూసినా ఒకటే. ఆమెది కందుకూరు వైపు వ్యవసాయ కుటుంబం. వేళ్ళ మధ్య నలిపి చూడగానే తెలిసిపోయింది. వడ్ల ఊక.

రెండు వందల బస్తాల మీద పైపైన ప్లాస్టిక్, లోపలంతా ఊక.

కమ్మీల గేటుకు ఎడమ పక్క గచ్చు పెచ్చులు లేచి పగిలింది. నిప్పు అక్కడే మొదలై, అక్కడే ఎక్కువసేపు మండింది. పూర్ణిమ గోడ వెంబడి నడుచుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్ళింది. వెనక పక్క గోడ లేదు, ఇనుప జాలీ. దాని కింది మూల మనిషి దూరేంత మేర పైకి వంగి ఉంది. వంగిన చోట తీగ మసి కింద నున్నగా అరిగి ఉంది. ఎన్నోసార్లు ఎత్తి దించిన తీగ. దానికి రెండడుగుల లోపలే గోపయ్య పడుకున్న చోటు. అక్కడే బూడిదలో మసిబారిన కల్లు సీసా.

గోపయ్య భార్య ఈరమ్మ సోమవారమే బిడ్డ కాన్పుకని ఊరెళ్ళింది. నిన్న రాత్రి శవం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ఒకటే మాట పట్టుకుని ఏడ్చింది, ఇంటికి తాళమేసి పోయాను, ఆయనకు వండిపెట్టే దిక్కు లేకుండా పోయిందని. ఇంటికి తాళం. చేతిలో కల్లు సీసా. గోపయ్య ఎక్కడికి పోతాడు? మళ్ళీ వెళ్ళి చెవి అడగడానికి బద్ధకించినప్పుడల్లా చేసినట్టే, జాలీ ఎత్తుకుని తన షెడ్డులోకే దూరాడు. మెత్తటి ఊక బస్తాల మీద, చల్లగా, హాయిగా పడుకున్నాడు. కల్లు మత్తులో లేవకముందే పొగ కమ్మేసింది.

బయట జీపు ఆగిన చప్పుడైంది.

సీఐ జగన్మోహనరావు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. పాతికేళ్ళ సర్వీసు. లంచం ముట్టడని పేరు. కేసును ఇరవై నాలుగు గంటలు దాటనివ్వడని ఇంకా పెద్ద పేరు.

"ఏం పూర్ణిమ గారూ, ఇంకా చెత్త ఏరుతున్నారా?"

"సార్, ఇక్కడ ప్లాస్టిక్ లేదు. ఊక. గోపయ్యను ఎవరూ లోపల పెట్టి తాళం వేయలేదు. వెనక జాలీలోంచి తనే దూరి పడుకున్నాడు. నిప్పు పెట్టినవాళ్ళకు లోపల మనిషి ఉన్నట్టు తెలియదు."

"జాలీ మంట వేడికి వంగి ఉండొచ్చు."

"మంట వేడికి వంగితే తీగ అరగదు సార్."

ఆయన రుమాలు తీశాడు. రెండు అడుగులు లోపలికి వేసి, ఆమె చేతిలో కర్ర తీసుకుని తనే బూడిద కెలికి చూశాడు. పూర్ణిమకు ఒక్క క్షణం ఆశ కలిగింది.

"నిజమే. ఊకే," అన్నాడు నింపాదిగా. "బాగా పట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఈ చుట్టుపక్కల ప్లాస్టిక్ అమ్ముకునే వ్యాపారం ఎవరిది?"

కర్ర ఆమె చేతికి తిరిగిచ్చి ఆయనే జవాబు చెప్పాడు.

"మహేష్‌ది. సరుకు ఎత్తుకుపోయి ఊక నింపాడు. తనిఖీ వస్తోందని తెలిసి తగలబెట్టాడు. నాకు ఇంతదాకా కోపం తప్ప వేరే కారణం దొరకలేదు. మీరు దొంగతనం కూడా తెచ్చి చేతిలో పెట్టారు. థాంక్స్."

"తనిఖీ శుక్రవారం కదా సార్. మంగళవారమే ఎందుకు తగలబెడతాడు?"

"శుక్రవారం కాదమ్మా, ఇవాళ. ఈపాటికి తనిఖీ వాళ్ళు ఇక్కడ ఉండవలసింది. నిన్న మధ్యాహ్నం తేదీ ముందుకు జరిపారట. పొద్దున మండల ఆఫీసులో చెప్పారు. బూడిదలో కూర్చుంటే ఇలాంటివి తెలియవు." జీపు వైపు తిరిగాడు. "మూడూ పదికి బయల్దేరుతున్నాం. అప్పటిలోపు ఇంకేమైనా దొరికితే తీసుకురండి. నా కేసుకు పనికొస్తుంది."

పూర్ణిమ చేతిలో కర్ర పటుక్కున విరిగింది. తను తవ్వి తీసిన ప్రతి ముక్కా ఆ మహేష్ మెడకే చుట్టుకుంటోంది.

రవితేజ గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, రిపోర్టులో తెల్ల పొగ అనే రాస్తానండీ. ఏమైతే అదవుతుంది."

* * *

ఒంటిగంటా ఐదు. లాకప్‌లో మహేష్ గోడకు ఆనుకుని, పొట్ట మీద అరచెయ్యి అదిమి పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఇడ్లీ పొట్లం విప్పకుండా ఉంది.

"తిను. మీ అక్క అడిగింది, తిన్నవో లేదోనని."

అతను చటుక్కున తలెత్తి, వెంటనే దించుకున్నాడు. "మాకు మాటల్లేవు మేడం."

"మీ ఇద్దరూ ఒకే పాఠం బట్టీ పట్టినట్టున్నరు. ఇను. షెడ్డుల ఉన్నది ఊక. సరుకు నీ కొట్టుకు చేరింది. దొంగతనం చేసి, దాన్ని కప్పిపెట్టనీకి మనిషిని కాల్చినవని సీఐ సార్ రాస్తున్నడు."

"దొంగతనం గాదు!" గొంతు లాకప్ దాటి వినిపించింది. బయట బల్ల మీద కునుకుతున్న కానిస్టేబుల్ సోమయ్య ఉలిక్కిపడి లేచాడు. "కొన్న మేడం. పైస పైస ఇచ్చి కొన్న. నెలకు రెండుసార్లు ఆళ్ళే తోలేటోళ్ళు."

"ఆళ్ళు ఎవరు?"

"ఎవరేంది? పన్నెండు మంది ఆడోళ్ళు. ఏడు నెలలు కూలి లేకుంటే ఏం తింటరు? ఎప్పుడు వోయి అడిగినా తనిఖీ అయినంకనే అంటరు. తనిఖీకి ఎవడూ రాడు. సరుకు అమ్మొద్దంటరు. ముత్తమ్మ మనుమరాలికి జరమొస్తే దవాఖానకు తీస్కపోనీకి పైసల్లేక, తన బస్తాలు తీస్కొని మొదలు ఆమెనే వచ్చింది నా కాడికి. ఆమె ఎనుక అందరు."

"మరి ఊక?"

"బస్తాలు తగ్గినట్టు కానరావద్దని అక్క నింపిచ్చింది. పైన రెండు పిడికిళ్ళు ప్లాస్టిక్, మూతికి ఎవరి పేలిక ఆళ్ళదే."

"పంచాయతీ ముందట కొట్లాట?"

మహేష్ ముఖంలో నవ్వులాంటిది మెరిసి మాయమైంది. "నాటకం మేడం. మేం మేం ఒక్కటని ఎవనికి అనుమానం రావద్దని అక్కనే చెప్పింది, జర గట్టిగ తిట్టురా అని. నేను జర ఎక్కువ తిట్టిన."

పూర్ణిమకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. "తనిఖీ నాడు ఏం చేద్దామనుకున్నరు?"

"గురువారం రెండు లారీల మూటలు నా కొట్టుకెల్లి తెచ్చి పెడ్తనన్న. శుక్రవారం ఆళ్ళు సూసిపోతే, శనివారం మళ్ళ తెచ్చుకుంట. కూలి పైసలు పడ్తయి, ఎవరి నోట్ల మన్ను పడది. గంతే."

"తనిఖీ శుక్రవారం గాదు మహేష్. ఇయ్యాల. నిన్న పగటీలి మార్చిండ్రు."

అతను అర్థం కానట్టు చూశాడు. "ఇయ్యాలనా? మరి నాకు చెప్పలేదేంది? అక్కకు తెల్వదే! తెలిస్తే రాత్రికి రాత్రే తోలుదును గదా. ఎవరికి చెప్పిండ్రు?"

అడిగేశాక అతనికే జవాబు తట్టింది. పూర్ణిమ ఆ ముఖాన్నే చూస్తోంది. అతను ఇడ్లీ పొట్లాన్ని మెల్లగా పక్కకు జరిపి, మోకాళ్ళ మీద నుదురు ఆనించాడు.

"రాసుకోండ్రి మేడం. నేనే అంటువెట్టిన."

"మహేష్."

"నేనే. ఇగ ఏం అడగకుండ్రి."

"రెండు గంటలకు నువ్వు కొట్లనే ఉన్నవని నలుగురు చెప్పిండ్రు నిన్న!"

"అబద్ధం చెప్పిచ్చిన. నా కాడ పనిచేసేటోళ్ళు, నేనేం చెప్తె గది చెప్తరు."

పూర్ణిమ బయటికి వస్తుంటే సోమయ్య తల గోక్కున్నాడు. "ఏం కత మేడం ఇది? రాత్రంతా అడిగితే ఏం తెల్వదన్నడు. మీరు ఇడిపిద్దామని పోతే ఒప్పుకున్నడు."

పూర్ణిమ మండల ఆఫీసుకు ఫోన్ చేసింది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి భోజనానికి వెళ్ళారన్నారు. మూడోసారి సరైన మనిషి లైనులోకి వచ్చేసరికి రెండూ పది. నాగమణి అనే గుమస్తా.

"అవునండీ, తేదీ మారిన సంగతి నేనే చెప్పాను. నిన్న పన్నెండూ నలభైకి. పై అధికారికి శుక్రవారం ఇంకేదో మీటింగు పడిందట, అందుకని ముందుకు జరిపారు."

"ఎవరికి చెప్పారు?"

"పంచాయతీ కార్యదర్శి సెలవులో ఉన్నారు. సమన్వయకర్త నంబరు ఉంటే దానికి చేశాను. పాపం ఆ అమ్మాయి ఒక్క రెండు రోజులు ఆగమని బతిమాలింది. నా చేతిలో ఏముందండీ? నిల్వ ఉన్నట్టు ఏడు నెలలూ నువ్వే సంతకాలు పెట్టావు కదమ్మా, ఇక భయమెందుకు అన్నాను. సరే మేడమ్ అని పెట్టేసింది."

* * *

రెండూ నలభై ఐదు. జీపును ఇంటి ముందు ఆపి, సోమయ్యను అందులోనే ఉండమని పూర్ణిమ వాకిట్లోకి నడిచింది.

అనంతమ్మ గడపలో కూర్చుని ఉంది. తొట్టిలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆమె చేతులు మొదటిసారి ఊరుకున్నాయి.

"మహేష్ ఒప్పుకున్నడు అక్కా."

"ఏమని?"

"తనే కాల్చినని."

అనంతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది. "వాడు గాదు. నేను. రాస్కో బిడ్డా, ఏలిముద్ర ఏస్త. వాన్ని ఇడిసిపెట్టుండ్రి."

పొద్దున ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ పోటీపడి ఒప్పుకుంటున్నారు. పూర్ణిమ గోడకు ఆనుకుంది. ఎక్కడైనా కూలబడిపోవాలన్నంత విసుగు వచ్చింది.

"ఎందుకు కాల్చినవ్?"

"శుక్రవారం తనిఖీ గదా. ఊక సూస్తె పన్నెండు మందిమి జైలుకు పోతం. పరేషానై కాల్చిన."

"గురువారం మహేష్ రెండు లారీలు తోలుతనన్నడు గదా. మంగళవారం ఏం తొందరొచ్చింది?"

అనంతమ్మ చూపు దండెం మీది కవర్ల వైపు తిప్పుకుంది.

"ఏడికెల్లి అంటువెట్టినవ్?"

"ఎనకకెల్లి. జాలీ కాడ. ముందట తొవ్వల మనుషులు తిరుగుతరని."

"జాలీ కాడనే?"

"గాడనే."

"జాలీకి రెండడుగుల దూరంల గోపయ్య పండుకున్నడు అక్కా," అంది పూర్ణిమ. "నువ్వు నిజంగ గాడికి పోయినదానివైతే ఆయన కాళ్ళు నీకు కండ్ల ముందటనే ఉండేటివి. చూసి గూడ అంటువెడ్తవా? నిన్ను 'చెల్లె' అని పిలిచినోన్ని?"

అనంతమ్మ గోడ పట్టుకుంది.

"నిప్పు ముందటికెల్లి పెట్టిండ్రు. గేటుకు ఎడమ పక్క. అంటువెట్టిన మనిషి ముందట నిలబడి తాళం చూసుకున్నది. తాళంచెవి ఈ మేకుకు ఉన్నది గూడ చూసుకునే పోయింది. ఒంటిగంట నుంచి మూడింటి దాకా లోపల ఎవరుండరు, ఊరంతకు తెలిసిన సంగతే. ఆ తాళాన్ని నమ్మింది." పూర్ణిమ మాటలు అనంతమ్మకు చెబుతున్నట్టే ఉన్నా, గొంతు లోపలి గది దాకా పోయేట్టుగా ఉంది. "తనిఖీ ఇయ్యాలకు మారిందని ఈ ఊళ్ళె ఒక్కరికే తెలుసు. లారీలు గురువారం గాని రావు. మామకు చెప్పనీకి గూడ పుర్సత్ లేదనుకున్నదో, భయంతోని బుర్ర పనిచెయ్యలేదో నాకు తెల్వది. పన్నెండు మందిని కాపాడదామనుకున్నది. గోపయ్యను చంపాలనుకోలే. గది నాకు తెలుసు."

అనంతమ్మ పూర్ణిమ రెండు చేతులూ పట్టుకుంది. ఆ వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి చల్లగా ఉన్నాయి.

"నిన్న రాత్రి సంది అన్నం ముట్టలే బిడ్డా అది. ఎందుకే అంటే జవాబు లేదు. గప్పుడే నాకు దిగులు పట్టుకున్నది." ఇంకా దగ్గరికి జరిగింది. "మేం పోతం. పన్నెండు మందిమి పోతం. దాన్నొక్కదాన్ని ఇడువు. మేం ఊక నింపితె, సంతకాలు దానితోని పెట్టిచ్చినం. వద్దమ్మా వద్దమ్మా అన్నది. నీ నోటికాడికి కూడు ఏడికెల్లి వస్తున్నదే అని తిట్టి పెట్టిచ్చిన."

"మహేష్?"

"వాడు మగోడు. ఎట్లనో..." మాట పూర్తిచేయలేక ఆగిపోయింది. తను ఏమంటోందో తనకే వినబడినట్టుంది.

పూర్ణిమ జేబులో ఫోన్ మోగింది. మూడూ ఎనిమిది. సీఐ.

"బయల్దేరుతున్నాం పూర్ణిమ గారూ. మీవాడు నా దగ్గరా ఒప్పుకున్నాడు, సంతకం కూడా పెట్టాడు. పని సులువైపోయింది. మీ దగ్గర చెప్పాల్సిందేమైనా ఉందా?"

చెప్పాల్సింది ఒక్క మాట. మూడే మూడక్షరాల పేరు. పొద్దుట్నుంచి ఈ మాట కోసమే తిరిగింది.  చెబితే ఒకరు జైలుకు, చెప్పకపోతే ఇంకొకరు. ఏడు నెలలు కూలి ఇవ్వనివాళ్ళ పేరు, తేదీ ఇష్టమొచ్చినట్టు జరిపినవాళ్ళ పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

"హలో? ఏమండీ?"

లోపలి గది తలుపు తెరుచుకుంది.

కవిత వచ్చింది. తల దువ్వుకుని, ఉతికిన చున్నీ వేసుకుని ఉంది. కళ్ళ కింద నలుపు. చేతిలో ఏమీ లేదు. తల్లి పక్కనుంచే వచ్చింది. తల్లి చెయ్యి చాచి చున్నీ కొస పట్టుకుంది. కవిత ఆగలేదు, లాక్కోనూ లేదు. కొస వేళ్ళలోంచి దానంతట అదే జారిపోయింది. పూర్ణిమ ముఖంలోకి ఒకసారి చూసింది, దారి అడిగినట్టు. పూర్ణిమ పక్కకు జరిగింది.

కవిత గడప దిగి, చెప్పులు వేసుకోకుండానే ఎండలో వాకిలి దాటి, జీపు వెనక తలుపు తనే తీసి ఎక్కి కూర్చుంది. సోమయ్య ఏమీ అర్థంకాక ఆమెకేసి, ఇంటికేసి మార్చి మార్చి చూశాడు.

"పూర్ణిమ గారూ, లైన్లో ఉన్నారా?"